నాలుగో నంబరు, నల్ల అట్ట

ఆ ఆసుపత్రిలో సూపరింటెండెంట్లు తొమ్మిదిమంది మారారు. గుండె డాక్టర్లు వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. గోడలకు మూడు రంగులు మారాయి. మారనిది ఒక్కటే. కింది అంతస్తులో, ఆపరేషన్ పనిముట్లు కడిగే గదిలో, దీపం కింద భూతద్దం పట్టుకుని నిలబడే మనిషి. జీతం కాగితం మీద ఆయనకు నిండైన పేరే ఉంది గాని, ఆ పేరుతో పిలిస్తే పలకడానికి ఆయనకే కాస్త సమయం పడుతుంది. ఊడ్చే ఆయా దగ్గరనుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆయన భూతద్దమే.

చదివింది ఏడో తరగతి. అదీ ఒకే గదిలో ఒకే పంతులు అన్ని తరగతులకూ చెప్పిన బడి. అయితేనేం? ఆయన గొప్పలు ఆయన చెప్పుకోడు కాబట్టి చూసినవాళ్ళం చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఏడాదికి మూడువందల పైచిలుకు పనిరోజులు, రోజుకు పన్నెండు ట్రేలు. లక్షా పదమూడు వేల ట్రేలు ఆయన చేతిమీదుగా పైకి వెళ్ళాయి. కావాలంటే కాగితం మీద గుణించి చూసుకోవచ్చు. ఒకసారి ఒక కత్తెర పిడి మీద వెంట్రుకవాసి పగులు కనిపెట్టి, దాని జత కత్తెర అప్పుడే పైకి వెళ్ళిపోయిందని గుర్తొచ్చి, నాలుగు అంతస్తులు మెట్లెక్కి పరుగెత్తి ఆపరేషన్ ఆపించాడు. తీరా చూస్తే ఆ జతదానికీ అదే పగులు. సూపరింటెండెంటు సంతకంతో మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఆయన భార్య దానికి అద్దం కట్టించి వంటింట్లో పొయ్యికి ఎదురుగా తగిలించింది. హాల్లో పెడితే ఎవరో వచ్చినప్పుడే చూస్తారట, వంటింట్లో అయితే తను రోజూ చూసుకోవచ్చట. దాని మీద ఇప్పుడు తాలింపు మరకలు కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద గొప్ప మాత్రం నల్ల అట్ట. అది ఆయన పెట్టిన ఆచారం. కడిగిన పనిముట్టులో ఏదైనా మిగిలిపోయి దొరికితే, అది బ్రష్షు పీచు గాని, కుట్టు దారం ముక్క గాని, ఎండిన నెత్తుటి పొలుసు గాని, దాన్ని పారెయ్యకూడదు. గోడకు వేలాడే నల్ల అట్ట మీద పారదర్శకమైన టేపుతో అతికించాలి. పక్కన తెల్ల పెన్సిలుతో తేదీ, కనిపెట్టినవాళ్ళ నంబరు, కడిగినవాళ్ళ నంబరు రాయాలి. ఎవర్నీ తిట్టడాలు లేవు. అట్టే చెబుతుంది. ఈ కథ జరిగేనాటికి ముప్పై ఒక్క ఏళ్ళలో అయిదు అట్టలు నిండి ఆరోది నడుస్తోంది. ఆ అయిదున్నర అట్టల మీదా 'కడిగినది' అన్న వరుసలో నాలుగో నంబరు ఒక్కసారి కూడా లేదు. నాలుగో నంబరంటే భూతద్దమే.

తొమ్మిదో నంబరంటే ఆయన కింద పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్న ఆవిడ. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత చురుకు. గదిలో పని మొత్తం ఆవిడకు నేర్పింది ఆయనే. కానీ చివరి చూపు, అంటే ఆరబెట్టిన పనిముట్టును భూతద్దం కింద పెట్టి 'సరే' అనడం మాత్రం, ఆయన ఎన్నడూ ఆవిడ చేతిలో పెట్టలేదు. "ఆ అద్దం మీ అత్తారింటివాళ్ళు పెట్టిన నగా అన్నయ్యా, ముట్టుకుంటే అరిగిపోతుందా?" అని ఆవిడ ఏడాదికోసారైనా అంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అద్దం మాత్రం ఇవ్వడు.

ఏడేళ్ళ కిందట ఆ ఆసుపత్రికి రోబో వచ్చింది. గుండె వాల్వులు బాగుచేసే యంత్రం. ఎముక కొయ్యకుండా, రొమ్ము తెరవకుండా, కుడిపక్క పక్కటెముకల మధ్య వేలు పట్టేంత కంతలు నాలుగైదు పెట్టి లోపలికి వెళ్తుందని చెప్పుకున్నారు. చూడ్డానికి జనం ఎగబడ్డారు. మన భూతద్దం వెళ్ళలేదు. మురికి పనిముట్లు ముట్టుకునే మనిషి ఆపరేషన్ గదిలో అడుగు పెట్టకూడదన్నది నియమం. కత్తెర కోసం పరుగెత్తిన నాడు కూడా ఆయన గుమ్మం బయటే నిలబడి కేక వేశాడు. కాబట్టి రోబో ఆయన దగ్గరికి వేరే దారిన వచ్చింది. దాని చేతులు వచ్చాయి.

మూరెడు మించిన పొడవు, పెన్సిలంత లావు కడ్డీ. దాని కొసన చిటికెన వేలి గోరంత మణికట్టు. ఆ మణికట్టు ముందుకు, వెనక్కు, పక్కలకు వంగుతుంది, తనచుట్టూ తాను తిరుగుతుంది. మనిషి చెయ్యి తిరగని వైపుకు కూడా తిరుగుతుంది. కడ్డీ లోపల వెంట్రుకల్లాంటి ఉక్కు తీగలు, చివర వాటిని లాగే చక్రాలు. ఒక్కో పనిముట్టుకు ఇన్ని ఆపరేషన్లని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. అది తీరిందా, యంత్రమే లెక్కచూసుకుని, ఇక దీన్ని పట్టుకోనంటుంది. మొదటిసారి దాన్ని అరచేతిలో పెట్టుకున్న రోజు భూతద్దం ఇంటికెళ్ళి భార్యతో, పుట్టిన పిల్లను ఎత్తుకున్నట్టు అనిపించిందే అన్నాడు. ఆవిడ, మన పిల్లల్ని ఎత్తుకున్నప్పుడు ఇంత సంబరపడ్డట్టు నాకు గుర్తు లేదే అంది.

నేర్పడానికి వచ్చినవాళ్ళు మూడు రోజులు నేర్పారు. లోపలి సందుల్లోకి ఒత్తిడితో నీళ్ళు పంపాలి. మణికట్టును నీళ్ళలోపలే అన్ని వైపులా తిప్పుతూ మెత్తని బ్రష్షుతో రుద్దాలి. శబ్దంతో మురికిని వదలగొట్టే తొట్టిలో ముంచాలి. శుద్ధి చేసిన నీళ్ళతో మళ్ళీ కడగాలి. గాలి గొట్టంతో ఆరబెట్టాలి. గుడ్డ వాడితే పీచు వదలని గుడ్డే వాడాలి. తర్వాత భూతద్దం కింద చివరి చూపు, ఆపైన పొట్లం, ఆవిరి పెట్టె. పొట్లం మీద కట్టినవాళ్ళ నంబరు, తేదీ ఉన్న చీటీ. ఆపరేషన్ అయ్యాక నర్సు ఆ చీటీని ఊడదీసి రోగి ఫైల్లో అంటిస్తుంది. మూడు రోజుల పాఠాన్ని మన మనిషి ముప్పై నిమిషాల్లో వాళ్ళకే తిరిగి అప్పజెప్పాడు. నూలుగుడ్డ గదిలోకి రాకూడదన్న నియమం మాత్రం ఆయనది అంతకు ముందునుంచీ ఉన్నదే. తన భూతద్దం చుట్టే మెత్తని పాత గుడ్డను కూడా బయట గూట్లో డబ్బాలో పెట్టి, అద్దం ఒక్కటే పట్టుకుని లోపలికి వచ్చేవాడు.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట మెట్లు ఎత్తు పెరిగాయి.

మొదట రెండో అంతస్తు దగ్గర ఆగాడు. తర్వాత మొదటి అంతస్తు దగ్గరే ఆగాడు. వయసు అనుకున్నాడు. తలగడ ఒకటి చాలక రెండు పెట్టుకున్నాడు, రెండు చాలక మూడు. వెల్లకిలా పడుకుంటే ఎవరో ఛాతీ మీద బస్తా పెట్టినట్టు ఉండేది. భార్య నెల రోజులు చూసింది. "ఏవండీ, మీరు పడుకుంటున్నారా, కచేరీకి కూర్చుంటున్నారా? రేపు డాక్టరుకు చూపించుకోకపోతే ఆ ఉత్తరం గోడమీంచి తీసేస్తాను" అంది. ఉత్తరం మీద బెదిరింపు పని చేసింది.

పెద్ద డాక్టరు స్కాను తీయించి, తెర ఆయనవైపు తిప్పి చూపించాడు. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపులాంటి వాల్వు ఉంటుంది. దాని రెక్కల్ని సన్నని దారాలు కింద కండరాలకు పట్టి ఉంచుతాయి. గుండె ముడుచుకున్న ప్రతిసారీ ఆ దారాలు బిగిసి, రెక్కలు మూసుకుని, రక్తం ముందుకే పోతుంది. భూతద్దానికి ఒక దారం తెగిపోయింది. రెక్క వెనక్కి తిరగబడుతోంది. ముందుకు పోవలసిన రక్తంలో సగం ఊపిరితిత్తులవైపు మళ్ళుతోంది. మందులతో అతికేది కాదు.

రొమ్ము ఎముక చీల్చి చేసే పాత పద్ధతి ఉంది, అది చెడ్డదేం కాదు, చాలామందికి అదే తగినది అని డాక్టరు చెప్పాడు. ఈయన కాళ్ళ రక్తనాళాలు బాగున్నాయి, గుండె బలంగా ఉంది, రోబోతో చెయ్యొచ్చు. కొత్త వాల్వు పెట్టకుండా ఉన్నదాన్నే బాగుచేసే అవకాశం ఎక్కువ. అలా అయితే రక్తం పలచబడే మందులు జన్మంతా మింగే బాధ తప్పుతుంది. దాపరికం లేకుండా లెక్క కూడా చెప్పాడు. ఆ ఆసుపత్రిలో ఇప్పటికి రెండువందల ముప్పైమందికి చేశారు. ఆరుగురికి మధ్యలో ఆపి ఎముక తెరవాల్సి వచ్చింది. ముగ్గురికి రక్తంలో ఏదో గడ్డ తలకెక్కి చెయ్యో మాటో పడిపోయింది. ఇద్దరు దక్కలేదు.

భార్య ఆ ఇద్దరి గురించే అడిగింది. భూతద్దం మాత్రం ముగ్గురి దగ్గర ఆగిపోయాడు. గుండె ఎడమవైపు ఏ నలుసు పడినా అది నేరుగా తలకు పోగలదు. ఆ నలుసు పనిముట్టు మీదనుంచి కూడా రావచ్చు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పందొమ్మిదేళ్ళుగా తొమ్మిదో నంబరుకు ఆయన చెబుతున్నదే అది.

ఇక చూడండి, మనిషికి అసలు భయం పట్టుకుంది. కోతకు కాదు, మత్తుకు కాదు, గుండె ఆపుతారన్నందుకు కూడా కాదు. తన గుండెలోకి వెళ్ళే పనిముట్లు తను కడగడు. చివరి చూపు తను చూడడు. వేరే చేతులు కడుగుతాయి, వేరే కళ్ళు చూస్తాయి. తిండి సయించలేదు. సోమవారం నుంచి సెలవు, బుధవారం పొద్దున ఆపరేషన్. సోమవారం మధ్యాహ్నం, ఆఫీసులో ఒక సంతకం మిగిలిపోయిందని భార్యకు చెప్పి ఆసుపత్రికి వచ్చాడు.

భోజనాల వేళ. గదిలో ఎవరూ లేరు. బుధవారం వాల్వు కేసుకని విడిగా పెట్టిన నాలుగు రోబో పనిముట్లు అలమరలో ఉన్నాయి. పొట్లాల మీద తొమ్మిదో నంబరు. ఆయన వాటిని విప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మరొకరు కట్టిన పొట్లం కారణం లేకుండా విప్పడం అదే మొదలు. మళ్ళీ కడిగాడు, మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆరబెట్టాడు. భూతద్దం తీశాడు. ఆయాసానికి నోటితో ఊపిరి వదులుతున్నాడేమో, అద్దం మీద ఆవిరి కమ్మింది. తుడిచాడు. మళ్ళీ కమ్మింది, మళ్ళీ తుడిచాడు. దేనితో తుడిచాడో ఆయన గమనించలేదు. కంగారులో డబ్బా దాకా వెళ్ళకుండా, అద్దం చుట్టిన పాత నూలుగుడ్డను చేతిలోనే తెచ్చుకున్నాడు. తెరిచి ఉన్న ట్రే మీదే దాన్ని దులిపాడు. ఆ మసక అద్దంలోంచే చూసి, బాగుందనుకుని, కొత్త పొట్లాలు కట్టి, నాలుగో నంబరు చీటీలు అంటించి, ఆవిరి పెట్టె వరుసలో పెట్టాడు. ఇంటికి వచ్చి రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాడు. భార్య, ఏం సంతకమో గాని రోజూ పెట్టి రండి అంది.

బుధవారం పొద్దున ఆయన్ని నాలుగో అంతస్తుకు తోసుకెళ్ళారు. ఏడేళ్ళుగా దాని వేళ్ళు కడిగిన మనిషి యంత్రాన్ని అప్పుడు చూశాడు. మనిషిని మించిన ఎత్తు, నాలుగు పొడవాటి చేతులు, వాటికి పలచని ప్లాస్టిక్ తొడుగులు. చల్లటి గది. ఓ మూలగా, బల్లకు దూరంగా, తల దూర్చి చూసే పెట్టెలాంటిది, దాని ముందు స్టూలు. పెద్ద డాక్టరు బూట్లు విప్పేసి మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద మీటలు పాదానికి తెలియాలట.

"సార్, మీరు అక్కడ కూర్చుంటారా?" అని అడిగాడు భూతద్దం.

"అక్కడే."

"మరి నా దగ్గర ఎవరుంటారు?"

డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "సాయానికి ఇంకో డాక్టరు ఉంటుంది, నర్సులు ఉంటారు. లోపల మాత్రం మీ పనిముట్లే ఉంటాయి. నాకు వాటి మీద నమ్మకం. మీకు లేదా?"

తన నంబరు చీటీలు గుర్తొచ్చి భూతద్దం హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఆపరేషన్ నాలుగున్నర గంటలు పట్టింది. అందులో తొంభై నిమిషాలు ఆయన గుండె కొట్టుకోలేదు. గజ్జలోంచి గొట్టాలు వేసి ఒక యంత్రం రక్తాన్ని శుభ్రపరిచి ఒళ్ళంతా తిప్పింది. ఆ సేపట్లో రెండో యంత్రం గుండె లోపల కుట్లు వేసింది. కింద కూర్చున్న భార్యకు డాక్టరే వచ్చి చెప్పాడు, వాల్వు ఆయనదే ఆయనకు ఉందని, ఎముక తెరవలేదని. ఆవిడ రెండు చేతులూ జోడించి, తర్వాత ఏం చెయ్యాలో తోచక, సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి డాక్టరుకే ఇచ్చింది.

మర్నాడు కుర్చీలో కూర్చోబెట్టారు. మూడో నాడు నడవాలో నడిపించారు. అయిదో నాడు ఇంటికి పంపారు. కుడిపక్క చిన్న చీలికలు చూసి, వీటిలోంచే గుండె బాగుచేశారంటే కూతురు నమ్మలేదు. ఇంట్లో మొదటి రాత్రి ఆయన ఒకే తలగడ మీద పడుకున్నాడు. భార్య మిగతా రెండూ దులిపి అలమరలో పెట్టి, ఇప్పుడు ఇంట్లో తలగడలకు కరువు తీరిందంది.

అంతా బాగుంది. ఒక్కటే ముల్లు. ఇంటికి వచ్చేరోజు ఫైలు తిరగేస్తుంటే చీటీలు కనిపించాయి. నాలుగు రోబో పనిముట్లు, నాలుగు చీటీలు. నాలుగింటి మీదా తొమ్మిది. ఆయన నాలుగు ఎక్కడా లేదు.

అలిగాడంటే అలిగాడు. పందొమ్మిదేళ్ళు నేర్పినదానికి ఇదా ఫలం, ఒక్కసారి తను లేకపోయేసరికి తన పొట్లం పక్కన పడేసిందా అని లోలోపల కుమిలిపోయాడు. తను ఆవిడ పొట్లాలు విప్పిన సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. తొమ్మిదో నంబరు పళ్ళు తీసుకుని రెండుసార్లు చూడ్డానికి వచ్చింది. ఆయన రెండుసార్లూ నిద్ర నటించాడు. ఆవిడ రెండోసారి వెళుతూ భార్యతో, నిద్రపోయేవాళ్ళు కాలి బొటనవేలు ఆడించరు వదినా అనేసి వెళ్ళింది.

ఆరు వారాలయ్యాక చూపించుకోవడానికి వెళ్ళాడు. నాలుగు అంతస్తులూ మెట్ల మీదే, ఆగకుండా. స్కాను చూసి డాక్టరు, చుక్క కూడా వెనక్కి రావడం లేదన్నాడు. తర్వాత, మీకొకటి చూపిస్తా ఉండండని కింద గదికి ఫోను చేయించి తొమ్మిదో నంబరును కూడా పిలిపించాడు. వీళ్ళు కడిగినవి ఏం చేస్తాయో వీళ్ళెన్నడూ చూడలేదని ఆయనకు ఆ వారమే తట్టిందట. తెర మీద ఆపరేషన్ వీడియో పెట్టాడు. భూతద్దం ఒక కుర్చీలో, తొమ్మిదో నంబరు ఆ చివరి కుర్చీలో, మధ్యలో భార్య.

తెర నిండా గులాబి రంగు గుహ. అది తన గుండె పై గది అని తెలియడానికి ఆయనకు కాసేపు పట్టింది. కదలిక లేదు. నీళ్ళు తోడేసిన బావి అడుగులా నిశ్చలంగా ఉంది. కింద వాల్వు, ముత్యపు రంగులో, తడిగా, రెండు పెదవుల్లా. ఒక పెదవి అంచున తెగిన దారం కొస. అప్పుడు పక్కనుంచి రెండు చేతులు లోపలికి వచ్చాయి. ఆయన గుండెను చూడలేదు, చేతుల్ని చూశాడు. ఆయన కళ్ళు అలవాటు కొద్దీ మణికట్టు సందుల్లోకి పోయాయి. తళతళలాడుతున్నాయి. చక్రాల మధ్య కూడా మచ్చ లేదు.

ఆ మణికట్టు పిచ్చుక మెడ తిప్పినట్టు తిరిగింది. కనురెప్ప వెంట్రుకంత సూదిని ఒక చెయ్యి పట్టుకుంది, రెండో చెయ్యి అందుకుంది. తెల్లటి కొత్త దారాన్ని కింద కండరంలో గుచ్చి, పైకి తెచ్చి, రెక్క అంచున గుచ్చి, ఎంత పొడవు ఉండాలో కొలిచి ముడి వేసింది. ముడి బిగిసేటప్పుడు ఎంత నెమ్మదిగా లాగిందంటే, లాగుతున్నది ఉక్కు అంటే నమ్మబుద్ధి కాదు. ఒకటి, రెండు, మూడు దారాలు. తర్వాత వాల్వు చుట్టూ పట్టీలాంటి ఉంగరం పెట్టి కుట్టింది. డాక్టరు గది మూల కూర్చుని వేళ్ళు కదిలిస్తే, పది అడుగుల అవతల, ఆగిన గుండెలో, ఇవి ఆ మాట వింటున్నాయి. ఏడేళ్ళు అరచేతిలో పెట్టుకుని తిప్పిన పనిముట్లు ఇవేనా అని ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

చివర కింది గదిలోకి నీళ్ళు నింపారు, వాల్వు కారుతుందో లేదో చూడ్డానికి. నీళ్ళ ఒత్తిడికి రెండు రెక్కలూ ఉబ్బి, ఒకదాన్నొకటి తాకి, మూసుకున్నాయి. ఒక్క బొట్టు పైకి రాలేదు. గదిలో నలుగురూ ఊపిరి బిగబట్టారు, జరిగిపోయినదే అయినా. భార్య కళ్ళు తుడుచుకుంటూ, ఇన్నాళ్ళూ నేనిందులోనే ఉన్నానని చెప్పేవారు, ఎక్కడా కనపడలేదేమండీ అంది. డాక్టరు పడి పడి నవ్వాడు.

భూతద్దం ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "సార్, ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తోంది?"

"నాకు లోపల పది రెట్లు. ఈ తెర మీద ఇంకా ఎక్కువ."

"అయితే ఒక చిన్న నూలుపోగు పడితే..."

"మోకులా కనిపిస్తుంది. కనిపిస్తే తీసేస్తాం. వెనకవైపు పడి కనిపించకపోతేనే భయం" అన్నాడు డాక్టరు.

తొమ్మిదో నంబరు ఆ మాటకు తల దించుకుంది. భూతద్దం అది చూశాడు. ఏదో తట్టీ తట్టనట్టు అయింది.

ముగ్గురూ కిందికి దిగి గది దగ్గరికి వెళ్ళారు. వచ్చే సోమవారం నుంచి డ్యూటీ, ఇవాళ ఊరికే చూసి పోతానన్నాడు భూతద్దం. భార్యను గుమ్మం బయట ఉంచి, తలకు టోపీ, కాళ్ళకు తొడుగులు వేసుకుని లోపలికి అడుగు పెట్టాడు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడ మీద ఆరో నల్ల అట్ట. అలవాటుగా కిందనుంచి చదివాడు. చివరి వరుసలో టేపు కింద తెల్లటి పీచు, కోడి ఈకలో నూగంత. పక్కన తేదీ: ఆయన ఆపరేషన్ ముందటి సోమవారం. కనిపెట్టినది: తొమ్మిది. కడిగినది: ఖాళీ.

ఆ అట్ట మీద ఖాళీ గడి ఉండడం అదే మొదలు. ఆయన వంగి, దగ్గరగా చూశాడు. నూలు. గదిలోకి రాకూడని నూలు. జేబులో ఉన్న భూతద్దాన్ని, దాని చుట్టూ ఉన్న గుడ్డను చేత్తో తడుముకున్నాడు. ఆవిరి కమ్మిన అద్దం, దులిపిన గుడ్డ, తెరిచిన ట్రే, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

"సెలవులో ఉన్న మనిషి నంబరుతో పొట్లం పైకి పోకూడదు. నియమం మీరు పెట్టిందే" అంది తొమ్మిదో నంబరు, చేతులు కడుక్కుంటూ, ఇటు తిరక్కుండా. "అందుకే విప్పాను. సూది పట్టుకునే దాని మణికట్టులో ఉంది అది. నాకూ మొదటి చూపులో కనపడలేదు. రెండోసారి వెలుతురు మార్చి చూస్తే మెరిసింది. నాలుగూ మళ్ళీ మొదట్నుంచి చేశాను. ఒక్కోటి మూడుసార్లు చూశాను అన్నయ్యా. నా కళ్ళతోనే. నాకు అద్దం లేదుగా."

"పైవాళ్ళకు చెప్పావా?"

"పొట్లాలు తిరిగి కట్టామని పుస్తకంలో రాశాను. ఎందుకో అడిగితే పీచు దొరికిందన్నాను. ఎవరిదని వాళ్ళు అడగలేదు."

"మరి అట్ట మీద ఎందుకు రాయలేదు?"

ఆవిడ ఈసారి ఇటు తిరిగింది. "ముప్పై ఒక్క ఏళ్ళ వరుస. పాడు చెయ్యడానికి నా చెయ్యి రాలేదు."

తెర మీద చూసిన ముత్యపు రంగు పెదవులు, మచ్చలేని మణికట్టు ఆయన కళ్ళలో మెదిలాయి. ఆ చేతుల మీద ఆ నూగు ఉండి ఉంటే ఇవాళ ఈ స్టూలు మీద కూర్చునేవాడో కాదో, కూర్చున్నా నోట మాట ఉండేదో లేదో. లేచాడు. దారానికి వేలాడుతున్న తెల్ల పెన్సిలు అందుకున్నాడు. ఖాళీ గడిలో 4 అని రాశాడు. ఒకసారి రాసింది సరిగ్గా కనపడలేదని దాని మీదే మళ్ళీ దిద్దాడు. తర్వాత గుమ్మం బయటికి వెళ్ళి, జేబులోంచి భూతద్దం తీసి, గుడ్డను విప్పి అక్కడ ఊడుస్తున్న ఆయా చేతికిచ్చి, దీన్ని చెత్తబుట్టలో వెయ్యమ్మా అని చెప్పి, లోపలికి వచ్చి వట్టి అద్దాన్ని దీపం కింద బల్ల మీద పెట్టాడు.

"సోమవారం నుంచి నేను కడిగింది నువ్వు చూడు. నువ్వు కడిగింది నేను చూస్తా. చీటీ మీద ఇద్దరి నంబర్లూ పడాలి" అన్నాడు.

ఆవిడ అద్దం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత బరువుంటుందనుకోలేదు" అంది.

ఈనాటికీ ఆ ఆసుపత్రిలో రోబో పనిముట్ల పొట్లాల మీద రెండు నంబర్లు ఉంటాయి. మిగతా గదులవాళ్ళు కూడా ఆ పద్ధతి పట్టుకున్నారు. మన మనిషి మళ్ళీ రోజుకు పన్నెండు ట్రేలు పంపుతున్నాడు, మెట్లు ఎక్కుతున్నాడు, ఒక్క తలగడ మీద పడుకుంటున్నాడు. ఆరో అట్ట నిండిపోయి ఏడోది వేలాడదీశారు. కొత్తగా చేరినవాళ్ళు వస్తే భూతద్దం వాళ్ళకు పాత అట్టలన్నీ చూపిస్తాడు. మొదట చూపించేది మాత్రం ఆరో అట్ట మీద ఆ నూలు పీచు వరుస. ఇది నాది అంటాడు. లక్షా పదమూడు వేల ట్రేల సంగతి ఆయన ఎత్తడు. అది తొమ్మిదో నంబరు చెబుతుంది.